నూటొక్క గుంటల్లో పలికే తీగ

వామనగుంటల ఆటకూ కంప్యూటరు సంగీతానికీ ఉన్న చుట్టరికం

తీగ మీటితే నాదం పలుకుతుంది. ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. అయితే తీగ, చెక్క, మీటే వేలు ఏవీ లేకుండా, కేవలం నూటొక్క అంకెలతో కంప్యూటరు చేత అచ్చం తీగ నాదం పలికించవచ్చునంటే నమ్మడం కొంచెం కష్టమే. పైగా ఇందుకు కావలసిన లెక్క ఐదో తరగతి పిల్లవాడికి వచ్చిన లెక్కే. రెండు అంకెలు కూడాలి, సగం చేయాలి. అంతే!

ఇంజనీరింగుకో, పాలిటెక్నిక్కుకో పిల్లల్ని పంపని పల్లె మన జిల్లాలో ఇప్పుడు అరుదు. కంప్యూటరు చదువుకు వెళ్లిన ప్రతి పిల్లవాడికీ 'సర్క్యులర్ బఫర్' అనే పాఠం ఎదురవుతుంది. దీన్నే సర్క్యులర్ క్యూ, రింగ్ బఫర్ అని కూడా అంటారు. నిర్వచనం బట్టీ పెట్టి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకుని మరిచిపోయే పాఠాలలో ఇదొకటి. అది దేనికి పనికివస్తుందో కళ్లతో చూసేవారు, చెవులతో వినేవారు తక్కువ. చెవులతో వినదగ్గ ఉపయోగం ఒకటి ఉంది. పిల్లలకూ, వారి చదువుకు ఫీజులు కట్టే తల్లిదండ్రులకూ కూడా అర్థమయ్యే రీతిలో దాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తీగ చేసే పని

ముందు అసలు తీగ సంగతి చూద్దాం. బిగించిన తీగను వేలితో లాగి వదిలితే అందులో ఒక కదలిక పుడుతుంది. ఆ కదలిక తీగ వెంట పరుగెత్తి, కొసకు తగిలి వెనక్కి వస్తుంది. మళ్లీ రెండో కొసకు తగిలి బయలుదేరిన చోటికి చేరుతుంది. ఈ రాకపోకలు సెకనుకు ఎన్నిసార్లు జరిగితే నాదం అంత పైస్థాయిలో వినబడుతుంది. సెకనుకు 110 సార్లయితే మంద్రంగా ఉంటుంది. 440 సార్లయితే అంతకు రెండు స్థాయిలు పైన ఉంటుంది.

ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. ఒకటి, తిరిగి వచ్చిన కదలిక దాదాపు వెళ్లిన కదలిక లాగే ఉంటుంది. రెండు, 'దాదాపు' అంతేగాని పూర్తిగా కాదు. తిరిగిన ప్రతిసారీ కొంచెం అరిగిపోతుంది. ఆ అరుగుదల కూడా అన్నిటికీ సమానంగా ఉండదు. పదునైన, సన్నని అలలు ముందు చచ్చిపోతాయి. పెద్ద అలలు ఎక్కువసేపు నిలుస్తాయి. మీటిన క్షణంలో ఖంగుమన్న తీగ, పోను పోను మెత్తబడి సన్నగిల్లడానికి కారణం అదే.

ఒక్క చుట్టు కదలికను గుర్తుపెట్టుకుని, దాన్నే తిప్పి తిప్పి పలికిస్తూ, ప్రతి చుట్టుకూ కొంచెం అరగదీస్తే చాలునన్న మాట. సెకన్ల తరబడి సాగే నాదం మొత్తాన్ని దాచిపెట్టుకోవలసిన పని లేదు. కిటుకంతా ఇక్కడే ఉంది.

నాదానికి అంకెలు

కంప్యూటరుకు అంకెలు తప్ప మరొకటి తెలియదు. అందుచేత శబ్దాన్ని కూడా అంకెలుగా మార్చి ఇవ్వాలి. ఒక్కో అంకె ఆ క్షణంలో స్పీకరు పొర ఎంత ముందుకు లేదా ఎంత వెనక్కు కదలాలో చెబుతుంది. సీడీలకు నిర్ణయించిన లెక్క ప్రకారం సెకనుకు 44,100 అంకెలు కావాలి. కంప్యూటరు శబ్దాలకు నేటికీ ఎక్కువగా వాడుకలో ఉన్న లెక్కలలో ఇదొకటి.

ఇప్పుడు సెకనుకు 440 చుట్లు తిరిగే తీగ కావాలనుకుందాం. 44,100ని 440తో భాగిస్తే నూటికి పైన చిల్లర వస్తుంది. చిల్లరను పైకి సరిచేస్తే 101. అంటే ఒక్క చుట్టుకు నూటొక్క అంకెలు చాలు. అదే 110 చుట్ల మంద్రపు తీగకైతే 401 అంకెలు పడతాయి. అసలు తీగ పొడవు పెరిగితే స్థాయి తగ్గినట్లే, ఇక్కడ అంకెల వరుస పొడవు పెరిగితే స్థాయి తగ్గుతుంది.

చివరి గుంట తరువాత మొదటి గుంట

ఈ నూటొక్క అంకెలను ఎలా దాచాలి? ఇక్కడే మన వామనగుంటల పీట పనికివస్తుంది. పీట మీద ఒక పక్క ఏడు, మరో పక్క ఏడు, మొత్తం 14 గుంటలుంటాయి. చేతిలోని గింజలను గుంటకొకటి చొప్పున వేసుకుంటూ పోతాం. చివరి గుంట దాటితే ఆట ఆగిపోదు. మళ్లీ మొదటి గుంటలో వేస్తాం. గుంటలు పధ్నాలుగే అయినా, నడక మాత్రం ఎంతసేపైనా సాగుతుంది.

సర్క్యులర్ బఫర్ అంటే అచ్చంగా ఇదే. కంప్యూటరు జ్ఞాపకంలో గుంటలు తిన్నగానే ఉంటాయి. చివరి గుంట తరువాత మొదటి గుంట వస్తుందని మనం నియమం పెట్టడం వల్ల అది చుట్టు అవుతుంది.

చిన్న ఉదాహరణ చూద్దాం. నాలుగే గుంటలు తీసుకుందాం. వాటిలో వరుసగా 10, 2, 8, 4 ఉన్నాయనుకోండి. మన వేలు మొదటి గుంట మీద ఉంది. నియమం ఇది: వేలు ఉన్న గుంటలోని అంకెను స్పీకరుకు పంపు. ఆ అంకెను, దాని పక్క గుంటలోని అంకెను కూడి సగం చెయ్యి. వచ్చిన అంకెను వేలు ఉన్న గుంటలోనే, పాతదానికి బదులు పెట్టు. వేలును పక్క గుంట మీదకు జరుపు.

మొదటి గుంటలో 10, పక్కన 2. కూడితే 12, సగం 6. మొదటి గుంటలో ఇప్పుడు 6. తరువాత 2, 8 కలిపితే సగం 5. ఆ తరువాత 8, 4 కలిపితే సగం 6. చివరి గుంటలో 4 ఉంది. దాని పక్క గుంట ఏది? మొదటిది! అందులో ఇప్పుడు 6 ఉంది. 4, 6 కలిపితే సగం 5. ఒక చుట్టు పూర్తయింది. 10, 2, 8, 4గా ఎగుడుదిగుడుగా ఉన్న అంకెలు 6, 5, 6, 5గా మారాయి. దమ్ము చేసిన మడిని చదును చేస్తే ముందు చిన్న గడ్డలు మాయమైనట్లు, సన్నని ఎగుడుదిగుళ్లు ముందుగా పోయాయి. తీగలో జరిగేది కూడా ఇదే కదా!

అసలు పనిలో అంకెలు ఇంత పెద్దవి కావు. సున్నాకు అటు అర, ఇటు అర మధ్య ఉంటాయి. సగం చేశాక 0.996తో గుణించడం కూడా ఉంది. ధాన్యం తూకంలో తరుగు తీసినట్లు, వెయ్యికి నాలుగు వంతుల తరుగన్న మాట. నాదం క్రమంగా తగ్గిపోవడానికి ఇది తోడ్పడుతుంది.

మీటడం ఎలా?

మరి వేలు లేని చోట తీగను మీటేదెవరు? ఇందుకు ఇంకో చిత్రమైన ఉపాయం ఉంది. ఆరంభంలో గుంటలన్నిటినీ ఏ క్రమమూ లేని అంకెలతో నింపుతారు. కళ్లు మూసుకుని చేతికందిన గింజలు గుంటల్లో చల్లినట్లు! ఇలా క్రమం లేని అంకెలనే ఎప్పటికప్పుడు కొత్తవిగా స్పీకరుకు పంపుతూ పోతే రేడియోలో స్టేషను దొరకనప్పుడు వచ్చే బుసబుస తప్ప మరేమీ వినబడదు. అలా కాక గుంటల్లోని అంకెలనే తిప్పుతూ సగాలు చేసుకుంటూ పోతే, క్షణంలో బుస అణిగిపోయి, తీగ మీటిన నాదం తేలుతుంది. మొదటి బుసే మీటు అవుతుంది. తరువాతి చదునే నాదం అవుతుంది.

ఇంకొక విశేషం కూడా ఉంది. 401 గుంటల మంద్రపు తీగ సెకనుకు 110 చుట్లే తిరుగుతుంది. 51 గుంటల తారస్థాయి తీగ సెకనుకు 880 చుట్లు తిరుగుతుంది. ఎక్కువ చుట్లు తిరిగిన తీగ త్వరగా చదునై, త్వరగా ఆగిపోతుంది. మంద్రపు తీగ చాలాసేపు మోగుతుంది. నిజమైన వాద్యంలోనూ అంతే. దీనికోసం కంప్యూటరుకు విడిగా ఏమీ చెప్పనక్కరలేదు. లెక్కలోనే ఇమిడి ఉంది.

గుంటలు కదలవు, వేలు కదులుతుంది

అంకెలను తిన్నని వరుసలోనే పెట్టి, ముందున్న అంకె తీసేసిన ప్రతిసారీ మిగతావాటిని ఒక్కో గుంట ముందుకు జరపవచ్చు కదా, ఈ చుట్టు దేనికి అని ఎవరైనా అడగవచ్చు. జరపవచ్చు. కాని ఖర్చు చూడండి. 401 గుంటల తీగకు ఒక్క అంకె తీసినప్పుడల్లా మిగిలిన 400 అంకెలు జరపాలి. సెకనుకు 44,100 సార్లు ఈ పని చేయాలి. మొత్తం ఒక కోటి 76 లక్షల 40 వేల జరుగుళ్లు. అదీ ఒక్క తీగకు, ఒక్క సెకనుకు! చుట్టు పద్ధతిలో అంకెలేవీ కదలవు. ఒక్క గుంటలో అంకె మారుతుంది, వేలు ఒక్క గుంట జరుగుతుంది. 401 గుంటలున్నా, నాలుగు వేల గుంటలున్నా ఒక్కో అంకెకు పని అంతే. పాఠ్యపుస్తకంలో సర్క్యులర్ బఫర్ వల్ల లాభమేమిటి అని అడిగే రెండు మార్కుల ప్రశ్నకు అసలైన జవాబు ఇదే.

ఇక్కడ విద్యార్థులు పొరబడే చోట్లు రెండున్నాయి. ఒకటి, చివరి గుంట నుంచి మొదటి గుంటకు మళ్లడం. గుంటలకు 0 నుంచి 100 వరకు నంబర్లు వేస్తే, 100 తరువాత 101 అనే గుంట లేదు. నంబరును 101తో భాగించి శేషం తీసుకుంటే సున్నా వస్తుంది, మళ్లీ మొదటికి చేరతాం. ఇది మరిస్తే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతుంది, లేదా పిచ్చి శబ్దాలు చేస్తుంది.

రెండోది ఇంకా తమాషా అయినది. అంకె తీసే చోటికి ఒక గుర్తు, కొత్త అంకె పెట్టే చోటికి మరో గుర్తు ఉంటాయి. రెండు గుర్తులూ ఒకే గుంట మీద నిలిస్తే వరుస ఖాళీగా ఉన్నట్టా, నిండుగా ఉన్నట్టా? రెండు సందర్భాలలోనూ గుర్తులు అలాగే నిలుస్తాయి. చూపుకు తేడా తెలియదు. అందుకే గుంటల్లో ఎన్ని అంకెలున్నాయో వేరే లెక్క రాసుకోవడం మంచిది.

ఎవరు కనిపెట్టారు?

ఈ ఉపాయం అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1970ల చివర అలెగ్జాండర్ స్ట్రాంగ్, కెవిన్ కార్‌ప్లస్ అనే ఇద్దరు దీనిపై పనిచేశారు. 1983లో 'కంప్యూటర్ మ్యూజిక్ జర్నల్' అనే పత్రికలో వివరాలు ప్రకటించారు. ఇద్దరి పేర్ల మీదుగా దీన్ని కార్‌ప్లస్-స్ట్రాంగ్ పద్ధతి అంటున్నారు.

ఆనాటి చిన్న కంప్యూటర్లలో జ్ఞాపకశక్తి తక్కువ. గుణకారం చేయడమంటే వాటికి పెద్ద పని. కూడడం, సగం చేయడం మాత్రం సులువు. రెండంకెల లెక్కలో ఒక అంకెను సగం చేయాలంటే దాన్ని ఒక్క స్థానం కుడికి జరిపితే చాలు. ఆ లేమిలోంచే ఈ పొదుపైన పద్ధతి వచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దీనిపై 1987లో అమెరికాలో పేటెంటు పొందింది. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. నేడు ఎవరైనా ఎవరికీ పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

వారు అక్కడితో ఆగలేదు. సగం చేసిన అంకెను గుంటలో పెట్టేముందు నాణెం ఎగరేసినట్లు చేసి, బొమ్మ పడితే ఉన్నదున్నట్లు, బొరుసు పడితే గుర్తు తిప్పి పెట్టి చూశారు. తీగ నాదం పోయి డప్పు దెబ్బ వంటి శబ్దం వచ్చింది! నియమంలో చిన్న మార్పుతో తీగ వాద్యం చర్మ వాద్యమైంది.

అమెరికాలోనే ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు మొదటి పాఠాలు నేర్చే విద్యార్థులకు ఈ పద్ధతిని అభ్యాసంగా ఇస్తూ వచ్చారు. ముందు సర్క్యులర్ బఫర్ రాయాలి. దానితో ఒక తీగ కట్టాలి. తరువాత 110 నుంచి 880 వరకు స్థాయిలు గల 37 తీగలు కట్టి, కంప్యూటరు మీటలకు తగిలించాలి. ఏ మీట నొక్కితే ఆ తీగ పలుకుతుంది. పాఠం చదివిన పిల్లవాడి చేతిలో చివరకు ఒక వాద్యం మిగులుతుంది.

అర గుంట చిక్కు

ఇంత చక్కని పద్ధతిలోనూ ఒక లోపం ఉంది. సంగీతం తెలిసిన చెవికి అది వెంటనే తగులుతుంది. గుంటలు పూర్ణ సంఖ్యలో ఉండాలి. నూటొక్క గుంటలుండవచ్చు, నూరు గుంటలుండవచ్చు. నూరుం బాతిక గుంటలు ఉండవు. పైగా రెండు గుంటల సగటు తీస్తున్నాం గనుక, చుట్టు పొడవు అర గుంట తగ్గినట్లు లెక్క. నూటొక్క గుంటల తీగ నిజానికి నూరున్నర మీద నడుస్తుంది. 440 పలకవలసినది 438.8 పలుకుతుంది. ఒక గుంట తగ్గించి సరిచేద్దామంటే 443.2కు ఎగురుతుంది. నడుమ ఏదీ లేదు.

మంద్రంలో ఈ ఎడం కనబడదు. తారస్థాయికి పోయేకొద్దీ పెరుగుతుంది. 22 గుంటల తీగ సుమారు 2,051 వద్ద పలికితే, 21 గుంటల తీగ సుమారు 2,151 వద్ద పలుకుతుంది. ఒక్క గుంట తేడాకు దాదాపు స్వరస్థానమంత ఎడం!

స్టాన్‌ఫర్డ్‌లోనే డేవిడ్ జాఫీ, జూలియస్ స్మిత్ అనే ఇద్దరు ఈ చిక్కును సరిచేశారు. చుట్టులో ఇంకొక చిన్న లెక్క చేర్చి, గుంటలో కొంత భాగమంత ఆలస్యం కల్పించారు. దాంతో కోరిన శ్రుతి కుదిరింది. వారి వివరాలు కూడా అదే 1983 సంచికలో వచ్చాయి. జాఫీ 1982లోనే ఈ తీగల నాదాలతో 'సిలికాన్ వ్యాలీ బ్రేక్‌డౌన్' అనే సంగీత రచన చేశారు.

మన సంగీతానికి ఈ సవరణ మరీ అవసరం. మెట్టు మీద నొక్కిన స్వరం నిలిచినట్లే నిలిచిపోతే వీణ వీణ కాదు. వైణికులు మెట్టు మీద తీగను పక్కకు లాగి బిగువు పెంచుతారు. నాదం ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతూ, ఊగుతూ పోతుంది. గమకమంటే అదే. కంప్యూటరులో అది రావాలంటే, నాదం మోగుతూ ఉండగానే చుట్టు పొడవు కొంచెం కొంచెంగా, గుంటలో చిన్న భాగాల చొప్పున మారాలి. ఒక్కసారిగా గుంట తీసేస్తే గమకం బదులు మెట్లు దిగినట్లు వినబడుతుంది.

వీణకు పోటీయా?

బొబ్బిలి వీణ పుట్టిన జిల్లా మనది. ఒకే పనస మొద్దును తొలిచి వీణ మలిచే పనివారున్న జిల్లా. అంకెలతో తీగ పలికితే ఆ చేతిపనికి ముప్పు కాదా అనే అనుమానం రావడం సహజం.

పైన చెప్పిన నూటొక్క గుంటల్లో ఉన్నది తీగ ఒక్కటే. వీణలో తీగతో పాటు దాని కదలికను అందుకుని గాలిలోకి పంపే పనస కుండ ఉంది. తీగలు ఆనే లోహపు పలక వంపు ఉంది. మైనంలో చెవితో శ్రుతి చూసుకుంటూ నిలబెట్టిన 24 మెట్లు ఉన్నాయి. వాయించే నాలుగు తీగలు, తాళానికి మరో మూడు తీగలు ఉన్నాయి. వీటిలో ఒక్కొక్కదానికి వేరే లెక్క కట్టాలి. జూలియస్ స్మిత్ తదితరులు ఆ దారిలో చాలా దూరం వెళ్లారు. వారి పని ఆధారంగా యమహా కంపెనీ 1994లో వీఎల్1 అనే వాద్యాన్ని కూడా తెచ్చింది. అయినా ప్రతి భాగానికీ లెక్క కట్టాలంటే అసలు వాద్యాన్ని దగ్గర పెట్టుకుని, మీటి, విని, సరిచూసుకోక తప్పదు. లెక్కకు గురువు వాద్యమే.

కంప్యూటరు తెలిసినవారు ప్రపంచమంతా ఉన్నారు. గమకం ఎక్కడ నిలవాలో, ఎంత ఊగాలో చెవితో చెప్పగలిగినవారు అన్ని చోట్లా లేరు. ఆ చెవి మన ఇళ్లలో, మన గుడి మండపాలలో, వీణ చెక్కే పాకల్లో ఉంది. మన పిల్లలు కంప్యూటరు చదువుతున్నారు. ఈ రెండూ ఒకచోట కలిస్తే అర గుంట చిక్కు మీద ఇంకా చేయవలసిన పని ఎంతో ఉంది.

మొదలుపెట్టడానికి పెద్ద సరంజామా అక్కరలేదు. కాలేజీలోని మామూలు కంప్యూటరు చాలు. పైథాన్ వంటి భాషలు ఉచితంగా దొరుకుతాయి. ముందుగా కాగితం మీద నాలుగు గుంటలు గీసి, చేత్తో రెండు చుట్లు లెక్క కట్టి చూడాలి. తరువాత 401 గుంటలతో మంద్రపు తీగ కట్టాలి. అది సరిగా మోగితే, ఇంట్లోనో వీధిలోనో వీణ తెలిసిన పెద్దల్ని పిలిచి వినిపించాలి. శ్రుతి ఎక్కడ తప్పిందో వారు చెబుతారు. గుంటలో ఎన్నో వంతు సర్దాలో పిల్లలు లెక్క కడతారు.